సలాకలు కోస్తే కరెంటు పుక్కటికి

ఉచిత సోలార్ మనిషి మా ఇంటికి వచ్చిన పొద్దున మా అత్తమ్మ మిద్దె మీద కూర్చుని ఇనుప చువ్వలకు సిమెంటు పాలు పూస్తోంది. మా దగ్గర వాటిని సలాకలంటాం. బచ్చన్నపేట మండలంలో ఏ ఊరికి పోయినా చూడండి, మిద్దెల మీద పిల్లర్ల నుంచి సలాకలు పైకి నిక్కి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఇల్లు సగంలో ఆగిపోయిందనుకుంటారు. ఆగిపోలేదు. పైన ఇంకో గది వేస్తామని ఇంటివాళ్లు ఎవరికో మాట ఇచ్చారన్నమాట.

మా ఇంట్లో ఆ మాట మా ఆడబిడ్డకు ఇచ్చింది. మా ఆయనకు చెల్లెలు. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోయాడు, పిల్లల్లేరు. డోర్నకల్‌లో ఒక హాస్టల్లో వంట చేస్తూ, స్టేషన్ వెనక ఒంటి గదిలో కిరాయికి ఉంటుంది. మా ఇంటికి స్లాబు పోసినప్పుడు అత్తమ్మ కూలివాళ్లతో పాటు తనూ తట్టలు మోసింది. మోస్తూనే మేస్త్రీకి చెప్పిందట, "సలాకలు కొయ్యకు. పైన నా బిడ్డకు అర్ర ఎయ్యాలె" అని. ఆ గది ఇప్పటికీ లేవలేదు. ఒక ఏడు పత్తి పోయింది, ఒక ఏడు బోరు ఎండింది, ఇంకో ఏడు మా పెద్దోడి ఫీజులు. సలాకలు తుప్పు పట్టకుండా ప్రతి ఏడూ వానలకు ముందు సిమెంటు పాలు పూయడం మాత్రం ఆమె ఆపలేదు.

సోలార్ మనిషి జనగామ నుంచి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రంగు రంగుల బొమ్మల కాగితాలు. అరుగు మీద కూర్చుని, నేనిచ్చిన నీళ్లు తాగి, గడగడా మొదలుపెట్టాడు.

"అక్కా, మీరు ఒక్క రూపాయి పెట్టేది లేదు. మీ మిద్దె ఇయ్యిండ్రి, చాలు. సోలార్ పలకలు మావి, బిగించుడు మాది, చెడిపోతే బాగుచేసుడు మాది. మీకు కరెంటు పుక్కటికి."

పైనుంచి అత్తమ్మ గొంతు వినపడింది. "మాకు గిప్పుడు కూడ పుక్కటికే వస్తున్నది గద బిడ్డా. బిల్లు మీద సున్న ఉంటున్నది."

"అది రెండు వందల యూనిట్ల లోపలైతెనే కదమ్మా. ఎండకాలంల దాటుతలేదా?"

సరిగ్గా నొప్పి ఉన్న చోట వేలు పెట్టాడు. మా ఇంట్లో వేసవి వస్తే కూలర్ దగ్గర రోజూ కొట్లాటే. అంగన్‌వాడీలో పిల్లలతో అరిచి అరిచి మధ్యాహ్నం ఇల్లు చేరి నేను కూలర్ వేస్తాను. నా కళ్లు మూతపడగానే అత్తమ్మ వచ్చి ఆపుతుంది. యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం మన నెత్తినే పడుతుందని ఆమె భయం. నేను లేచి మళ్లీ వేస్తాను, ఆమె మళ్లీ ఆపుతుంది. ఇంత చేసినా ఏప్రిల్, మే నెలల్లో దాటనే దాటుతుంది. అందుకని ఆ మనిషి మాటలు నాకు చెవుల్లో చల్లగా పడ్డాయి.

అత్తమ్మ చేతులు దులుపుకుంటూ మెట్లు దిగి వచ్చింది. "కరెంటు పోయినప్పుడు గీ పలకలు నడుస్తయా?"

"నడవయమ్మా. లైను పోతే ఇవి కూడ ఆగుతయి."

"గదేంది! ఎండ కొడుతనే ఉంటది, పలకలు మీదనే ఉంటయి, కరెంటు మాత్రం ఉండది?"

"లైను మీద పనిచేసేటోళ్లకు షాక్ కొట్టకుండ గట్ల పెట్టిండ్రమ్మా."

"అట్లనా? మంచిదే మరి" అంది అత్తమ్మ. ఆ మనిషికి కొంచెం ఊపిరి ఆడింది. మిద్దె చూస్తానని పైకి వెళ్లాడు, వెనకాలే మేమిద్దరం. అటూ ఇటూ నడిచాడు, సూర్యుడి వైపు చూశాడు, తాగడానికి ఇంకా నీళ్లున్నాయా అని అడిగాడు. తర్వాత ఇంకా ఆరని సిమెంటు పాలతో తడిగా ఉన్న సలాకలను చూపించి అన్నాడు, "గివి మొత్తం కొయ్యాలె. పలకల మీద సన్నటి నీడ పడ్డా కరెంటు తగ్గుతది."

అత్తమ్మ ఆయన మొహం చూసింది. "కోస్తె మరి మీద అర్ర ఎట్ల ఏస్తం?"

"మీద ఏం కట్టరాదమ్మా. మిద్దె ఇరవై ఐదేండ్లు మా కంపెనీ చేతుల ఉంటది." దాచి చెప్పలేదు, పాపం. ఉన్నదున్నట్టే చెప్పాడు.

ఇల్లు అత్తమ్మ పేరు మీద ఉంది. ఆమె వేలిముద్ర లేకుండా ఏదీ కాదు. ఆమె అవుననలేదు, కాదనలేదు. ఏ సంగతైందీ ఫోన్ చేసి చెప్పమని నాకు నంబరిచ్చి ఆ మనిషి వెళ్లిపోయాడు.

నాకు మాత్రం ఆ పలకలు కావాలి. మెత్తగా అడగడం నాకు పుట్టుకతో రాలేదు. మధ్యాహ్నం అన్నం పెడుతూనే అందుకున్నాను. "ఎన్నేండ్లని పూస్తవు అత్తమ్మా ఆ సలాకలకు? పూస్తె అర్ర లేస్తదా? లేవని అర్ర కోసం ఉన్న ఇంట్ల ఉడికి సద్దామా?"

ఆమె ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగింది. "నువ్వు కూలరు కింద పండేతందుకు నా బిడ్డ జాగ కంపెనోనికి రాసియ్యాల్నా?"

ఒళ్లు భగ్గున మండింది. నేనేదో ఆడబిడ్డ నోటి దగ్గరి ముద్ద లాక్కున్నట్టు మాట్లాడుతుందేమిటి! గిన్నె ఠపీమని కింద పెట్టి పెరట్లోకి వెళ్లిపోయాను. ఆ వారమంతా మేమిద్దరం పిల్లి ద్వారా కోడి ద్వారా మాట్లాడుకున్నాం. "ఓ పిల్లీ, పాలు కాగినయని చెప్పు" అని ఆమె, "ఓ కోడీ, నాకు కండ్లున్నయని చెప్పు" అని నేను.

శనివారం మా ఆయన వచ్చాడు. భూపాలపల్లి దగ్గర బొగ్గుతో కరెంటు తీసే ప్లాంటులో కాంట్రాక్టు కింద పనిచేస్తాడు, వారానికోసారి ఇంటికి వస్తాడు. సంగతంతా విని నవ్వాడు. "నేను బొగ్గు దుమ్ము మింగి బతుకుతున్న. దాని పగోన్ని తెచ్చి నా నెత్తి మీద పెడ్తవా?"

"నవ్వుడు తర్వాత. నీ చెల్లె అర్ర సంగతేంది, పలకల సంగతేంది, ఒకటి చెప్పు."

"అవ్వ ఇష్టం. నీ ఇష్టం."

"మరి నీ ఇష్టమేందయ్యా?"

"కూరల జర ఉప్పు తక్కువైంది" అన్నాడు. ఆ కంచం ఎత్తి పెరట్లో పారేయకపోవడం నా సహనమే.

ఇట్లా తేలదని నేనే ఒక దారి వెతికాను. లింగాల ఘనపూర్‌లో మా అత్తమ్మ చెల్లెలు ఉంది. వాళ్ల మిద్దె మీద ఇట్లాంటి ఉచిత పలకలే నిరుటి నుంచి ఉన్నాయి. పోయి కళ్లారా చూద్దామన్నాను. అత్తమ్మ వెంటనే చీర మార్చుకుంది. ఎంత బాగున్నాయో చూపించాలని నేను, ఎంత పాడుగా ఉన్నాయో చూపించాలని ఆమె, ఒకే ఆటోలో పక్కపక్కన కూర్చుని పోయాం.

దిగీ దిగగానే ఇద్దరం అక్కడి మిద్దె ఎక్కాం. ఈశాన్యం మూల పలకలున్నాయి. నైరుతి మూల, ఎత్తు దిమ్మె మీద నీళ్ల ట్యాంకు. ఆ ట్యాంకు చుట్టూ ఇసుక బస్తాలు, గ్రానైటు ముక్కలు నడుం ఎత్తుకు పేర్చి ఉన్నాయి.

"గిదేందే?" అంది అత్తమ్మ.

చిన్నత్తమ్మ నెత్తి కొట్టుకుంది. "ఏం చెప్పుమంటవక్కా. నైరుతిల ట్యాంకు ఉన్నదని కంపెనోళ్లు పలకలు ఈశాన్యంల పెట్టిండ్రు. నెల తిరగకముందే బర్రె పాలియ్యుడు బంద్ చేసింది. వాస్తు ఆయనను పిలిస్తె, ఈశాన్యంల బరువు పెరిగింది, నైరుతిల అంతకంటె ఎక్కువ పెట్టుండ్రి అన్నడు. బస్తాలు పెట్టినం. చాలలేదన్నడు. రాళ్లు పెట్టినం."

"బర్రె పాలిస్తున్నదా?"

"ఈనింది గద, ఇయ్యకేం జేస్తది! గిప్పుడు పొద్దు వాలంగనే ఈ రాళ్ల నీడ పోయి ఆ పలకల మీద పడుతున్నది. కరెంటు తగ్గింది, రాళ్లు తియ్యుండ్రని కంపెనోళ్ల లొల్లి. తియ్యొద్దని మీ మరిది లొల్లి. నడుమ నేను పరేషాన్."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అత్తమ్మ కూడా నవ్వింది. వారం రోజుల తర్వాత మేమిద్దరం ఒకరినొకరం చూసుకుని నవ్వడం అదే. చిన్నత్తమ్మకు ఇంకా బాధలున్నాయి. మిరపకాయలు ఎండబోసుకునే జాగా పోయింది. ఏ పలకైనా తుడవాలన్నా, ఒక తీగ ఊడినా కంపెనీవాళ్లకు ఫోన్ చేసి ఎదురుచూడాలి. "మా మిద్దె మీద మేమే సుట్టాలమైనం" అంది. మేం లేచి బయల్దేరుతుంటే మాత్రం, "గని అక్కా, అబద్ధమెందుకు, ఎండకాలంల కూడ బిల్లు కట్టలే" అని అది కూడా చెప్పింది.

తిరుగు దారిలో అత్తమ్మ తనంతట తనే మాటెత్తింది. "బిల్లు రాకపోవుడు మంచిదే పిల్లా. నేనేం ఎండకు పుట్టినదాన్నా, నాకు మాత్రం ఉడుకపొయ్యదా? గని సలాకలు నాయి కావు, నీయి కావు. దాన్ని పిలిపియ్యి. అది కొయ్యమంటె కొయ్యి. నేను ఏలుముద్ర ఏస్త."

పై ఆదివారం ఆడబిడ్డ డోర్నకల్‌లో పొద్దుటి రైలు ఎక్కి జనగామలో దిగింది. మా ఆయన బండి మీద తీసుకొచ్చాడు. ఎప్పుడొచ్చినా అంతే, పొద్దున వచ్చి సాయంత్రం బండికి వెళ్లిపోతుంది. హాస్టల్లో రాత్రి వంట ఎవరు చేస్తారంటుంది. నలుగురం మిద్దె ఎక్కాం. ఎండ అప్పుడే చురచురమంటోంది. నేను దాచకుండా రెండు వైపులా చెప్పాను. పలకలొస్తే ఏమొస్తుందో, సలాకలు కోస్తే ఏం పోతుందో. ఇరవై ఐదేళ్ల మాట కూడా చెప్పాను.

"గింత దానికి నన్ను రమ్మన్నరా?" అని ఆమె నవ్వింది. "కోపియ్యి వదినా. నాకు డోర్నకల్ అలవాటైంది. ఈడికొచ్చి నేనేం జేస్త?"

అత్తమ్మ మొహం తిప్పేసుకుంది. మా ఆయన పిట్టగోడ పట్టుకుని ఎవరి పొలమో చూస్తున్నాడు. నేను గెలిచాను. గెలిచినదాన్ని సంతోషపడాలి కదా! కానీ ఆడబిడ్డ కొయ్యమంటూనే ఒక సలాకను చేత్తో పట్టుకుని ఉంది. ఎండకు కాలుతున్న ఇనుము, అయినా వదల్లేదు. అది చూశాక నాకు ఆగలేదు.

"ఏం మాట్లాడుతున్నవే? అలవాటైందా? మొన్న ఆ కిరాయి ఇంటాయన నీ సామాను బయట పెట్టినప్పుడు నాకు ఫోన్ చేసి ఏడ్చింది ఎవలు? నేనా?"

"ఏడ్చిన. నేను గాకపోతె ఎవలేడుస్తరు?"

"మరి ఒద్దను! నా అర్ర నాకు కావాలె అని నోరు తెరిచి ఒక్క మాటను!"

ఆమె నవ్వు పోయింది. "ఒద్దంటె నువ్వు ప్రతి ఎండకాలం నన్ను తిట్టుకుంటవు వదినా. బయటికి అనకున్నా మనసుల అనుకుంటవు. నువ్వు తిట్టుకునే అర్రల నాకు నిద్రెట్ల పడుతది?"

అంత నోరున్న నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం రెట్టింపవుతుంది. అక్కడే నిలబడి సోలార్ మనిషికి ఫోన్ చేశాను.

"అన్నా, మా సలాకలు కొయ్యం. రావద్దు."

"అక్కా, ఆలోచించుండ్రి. గిసొంటి మోక మళ్ల రాదు."

"రాకుంటె రాకపాయె" అని పెట్టేశాను. పెట్టేసి ఆడబిడ్డను గట్టిగా పట్టుకున్నాను. ఆమె ఒంటికి హాస్టల్ పోపు వాసన. అత్తమ్మ ఎండలోనే కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "దీనికి మంచి మాట కూడ లొల్లి చేస్కుంటనే అనవస్తది" అని నన్నే తిట్టింది. నాకు హాయిగా అనిపించింది.

అసలు విచిత్రం అన్నాల దగ్గర జరిగింది. మా ఆయన నోరు తెరిచాడు. "పలకలు మిద్దెకు ఆనిచ్చే పెట్టాలని ఎవడన్నడు? ఇనుప కంబాలు లేపి ఎత్తు మీద పెడితె సలాకలు అడ్డమే రావు. మా ప్లాంటుల సైకిల్ స్టాండు మీద గట్లనే పెట్టిండ్రు."

ముగ్గురం చేతులాపి ఆయన్ను చూశాం. బొగ్గు ప్లాంటులో సోలార్ పలకలు!

"మరి ఇన్ని రోజులు చెప్పవైతివి?"

"మీరిద్దరు మాట్లాడుతుంటె నడుమ నాకు జాగేడిది?" అని మజ్జిగ పోసుకున్నాడు.

ఆయన్ను ఆ రోజు తిట్టినన్ని తిట్లు పెళ్లయ్యాక ఎప్పుడూ తిట్టలేదు. అయినా మాట మంచిది. ఎత్తు కంబాలు ఉచిత కంపెనీవాళ్లు వేయరట, జనగామ కరెంటు ఆఫీసులో అడిగి తెలుసుకున్నాను. మనమే సొంతంగా పెట్టించుకుంటే సర్కారు కొంత ఇస్తుంది, బ్యాంకు కొంత అప్పిస్తుంది, మిగతాది మనం చూసుకోవాలి. పుక్కటిది కాదు. కానీ మిద్దె మనదే, పలకలు మనవే, వాటి కింద ఏం కట్టుకున్నా అడిగేవాడు లేడు. అప్పు మాట వినగానే అత్తమ్మకు దడ పుట్టింది. రెండు రోజులు జపం చేసినట్టు "అప్పు, అప్పు" అని తిరిగి, మూడో రోజు పొద్దున బ్యాంకుకు పోవడానికి నాకంటే ముందు తయారై అరుగు మీద కూర్చుంది.

బ్యాంకు చుట్టూ, ఆఫీసు చుట్టూ తిరగడంలో వానాకాలం గడిచిపోయింది. ఈ కాగితం లేదంటే ఒక రోజు, సారు లేడంటే ఒక రోజు. నా నోరు అక్కడ బాగా పనికొచ్చింది. చలికాలంలో భూపాలపల్లి నుంచి మా ఆయన తెలిసిన వెల్డర్‌ను తీసుకొచ్చాడు. అత్తమ్మ పొద్దంతా మిద్దె మీదే కాపలా. కంబం ఎక్కడ నిలబెట్టినా సలాకలకు జానెడు దూరం ఉండాలంది, రేపు అక్కడ పిల్లర్లు లేస్తాయంది. వెల్డర్ విసుక్కున్నాడు కానీ చెప్పినట్టే చేశాడు. మనిషి నిలబడి చెయ్యెత్తినా అందనంత ఎత్తులో పలకలు కూర్చున్నాయి. కోతులు వస్తాయని భయపడ్డాం. వచ్చాయి. పలక మీద ఎక్కి, ఎండకు కాలేసరికి కిచకిచమంటూ దూకి పోయాయి. మబ్బు పట్టిన రోజు అత్తమ్మ మీటరు ముందు నిలబడి ఆకాశాన్ని బెదిరిస్తుంది.

ఏప్రిల్ వచ్చింది. ఒక మధ్యాహ్నం నేను అంగన్‌వాడీ నుంచి వచ్చేసరికి ఇంట్లో కూలర్ తిరుగుతోంది. దాని ముందు చాప మీద మా అత్తమ్మ గుర్రు పెట్టి నిద్రపోతోంది. కడుపు నిండిపోయింది నాకు. చప్పుడు చేయకుండా పక్కనే పడుకున్నాను.

మే నెలలో హాస్టల్‌కు సెలవులిచ్చారు. ఆడబిడ్డ ఈసారి పెద్ద సంచితో వచ్చింది. పది రోజులుంటానంది. చెప్పులు విప్పి, నీళ్లు కూడా తాగకుండా సరాసరి మిద్దె ఎక్కింది. ఎంతసేపటికీ దిగి రాలేదు. నేనూ అత్తమ్మా పైకి వెళ్లి చూశాం.

పలకల కింద మిద్దె నిండా చల్లటి నీడ. ఆడబిడ్డ నడుం వంచి, నా ముగ్గుపిండి డబ్బా చేత పట్టుకుని, ఒక సలాకల గుత్తి నుంచి ఇంకో గుత్తి దాకా తెల్లటి గీతలు గీస్తోంది. అటు మూల పొయ్యి దిమ్మె, ఇటు మూల మంచం, తూర్పుకు కిటికీ. అన్నీ గీసింది.

"అందరి ఇండ్లకు గోడలు లేచినంక కప్పు పడుతది. నా అర్రకు కప్పు ముందుగాల పడ్డది వదినా" అంది, చెమట తుడుచుకుంటూ. మొహం వెలిగిపోతోంది. ఆమెను నేనెప్పుడూ అట్లా చూడలేదు.

"మంచం గింత చిన్నగనా? ఆగు, నేను గీస్త" అంటూ నేను గబగబా అడుగు ముందుకేశాను.

"ఆగు వదినా! గోడలోంచి వస్తున్నవు" అని అరిచింది. "తలుపు గటు దిక్కున్నది."

నేను ఎవరి మాటా అంత తేలికగా వినే మనిషిని కాను. ఎత్తిన కాలు వెనక్కి పెట్టుకున్నాను. గీత చుట్టూ తిరిగి అటు వైపు వెళ్లాను. అప్పటికే అక్కడ మా అత్తమ్మ చెప్పులు విప్పి పక్కన పెట్టి, లేని ద్వారబంధానికి తల వంచి లోపలికి పోతోంది. ఆమె పోయేదాకా ఆగి, ఆమె వెనకాలే నేనూ తలుపు నుంచే వెళ్లాను.